వాచీ తీసి కూర్చునే మనిషి

కరెంటు సారు పోయారని తెలిసేసరికి నేను ఒక పిల్లని కసురుతున్నాను.

ఆ రోజు ఫైనలియర్ ప్రాజెక్టుల రివ్యూ. ఒక్కో బ్యాచీ వచ్చి, తాము తయారుచేసిన మొబైల్ యాప్ చూపించి, నా చేత నాలుగు మాటలు అనిపించుకుని, సంతకం పెట్టించుకుని పోతుంది. అప్పుడు నా ఎదురుగా ఉన్నది మౌనిక. కైకలూరు పక్కన పల్లె వాళ్లది. తాతల నాటి నుంచీ కొల్లేట్లో చేపలు పట్టిన కుటుంబం. ఇప్పుడు తండ్రి చెరువుల దగ్గర సరుకు కొని టౌనుకి పంపిస్తాడు. గట్టు మీద కాటా వేసిన బరువు ఫోన్లో కొడితే, అవతల టౌన్లో కొనేవాళ్లకి కనపడాలి. ఆ పిల్ల చేసిన యాప్ అదీ. కోడ్ తిరగేస్తుంటే మధ్యలో చాంతాడంత ముక్క ఒకటి తగిలింది. చదివాను. అర్థం కాలేదు. మళ్లీ చదివాను. ఊహూ.

నాకు అర్థం కాకపోతే ఏం చేస్తానో పిల్లలకి తెలీదు గానీ, నాకు తెలుసు. గొంతు పెంచుతాను.

"ఇక్కడ ఇంత కోడ్ ఎందుకమ్మా? ఎక్కడో చూసి దింపినట్టుంది. బరువు కొట్టగానే డైరెక్టుగా సర్వర్‌కి పోవాలి. ఈ ముక్క తప్పు. తీసెయ్."

"అది కాదు మేడమ్, మా నాన్న గట్టు మీద..."

"మీ నాన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది తీసేసి చూపించు."

అప్పుడు బల్ల మీద ఫోన్ అదిరింది. రఫీ పంపిన మెసేజి. బీటెక్‌లో నేనూ వాడూ ఒకే ప్రాజెక్టు బ్యాచీ, ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. "కరెంటు సారు పోయారంట. గుండెపోటు. ఇల్లు భవానీపురంలోనే. నువ్వక్కడే ఉన్నావుగా, వెళ్లి చూసిరా." ఫోన్ బోర్లా పెట్టి తర్వాతి బ్యాచీని పిలిచాను. సంతకాలు పెడుతూనే ఉన్నాను గానీ, ఎవరేం చూపించారో ఒక్కటీ బుర్రకెక్కలేదు.

కరెంటు సారు అనేది మేం పెట్టిన పేరు. నిజానికి ఆయన ఎలక్ట్రికల్ మాస్టారు. మేం చేరేనాటికే ఆ బ్రాంచిలో పిల్లలు చేరడం తగ్గిపోయింది. పెద్ద పెద్ద మోటార్లున్న ల్యాబులో వాటి మీద గుడ్డలు కప్పేసి తాళం వేశారు. ఆ మాస్టార్లలో కొందరు మానుకున్నారు, కొందరిని కంప్యూటర్ బ్రాంచిలోకి తోశారు. అలా తోస్తే వచ్చి మా మీద పడ్డారు సారు. యాభై దాటిన మనిషికి మొబైల్ యాప్‌ల ల్యాబు ఇచ్చి, ఈ ఏడాది నెగ్గుకొస్తే ఉంచుతాం, లేకపోతే ఆలోచిస్తాం అని మా హెచ్వోడీ గారు స్టాఫ్ రూములో పదిమంది ముందే అన్నారట. ఆ మాట మా దాకా వచ్చింది. మాకు జాలి కలగలేదు. ఇదేం ఖర్మరా బాబూ, అందరికీ మంచి గైడ్లు, మనకి లైన్‌మ్యానా అనుకున్నాం.

ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ టెస్టర్ ఉండేది, కరెంటు ఉందో లేదో చూసే చిన్న స్క్రూడ్రైవరు. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబోయే ముందు ఎడమచేతి వాచీ విప్పి ఆ జేబులోనే వేసుకునేవారు. ఉంగరం కూడా తీసేవారు. మోటార్ల దగ్గర చేతికి లోహం ఉండకూడదని జీవితమంతా పిల్లలకి చెప్పిన అలవాటు. మొదటిరోజే రఫీ నవ్వాపుకోలేక అనేశాడు.

"సార్, ల్యాప్‌టాప్ షాక్ కొట్టదు సార్."

"కొట్టదని నీకు తెలుసు నాయనా. నా చేతికి తెలీదుగా."

అని తాపీగా వాచీ జేబులో వేసుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, "ఊఁ, చెప్పండి. నాకేం రాదు. ఎక్కణ్ణుంచి మొదలెడదాం?" అన్నారు. పాఠం చెప్పాల్సిన మనిషి అన్న మాట అది. క్లాసంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం.

నాకైతే ఒళ్లు మండింది. మా నాన్నకి ఆటోనగర్‌లో బేరింగుల షాపు. చిన్నప్పుడు సెలవులకి కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం, కొనడానికి వచ్చినవాడితో తెలీదు అనకూడదని. "తెలీదన్నావనుకో, వాడు పక్క షాపుకి పోతాడు. తెప్పిస్తానని చెప్పు, రేపు రమ్మని చెప్పు, అంతేగానీ తెలీదన్న మాట ఈ కౌంటర్ మీద పడకూడదు." ఆ మాట మీద పెరిగినదాన్ని. జీతం తీసుకునే మాస్టారు కుర్చీలో కూర్చుని నాకేం రాదంటే నాకు ఆయన మీద గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది.

ఆయన దగ్గర రివ్యూ షీటు మీద సంతకం కావాలంటే ఒక పద్ధతి ఉండేది. "ఇవాళ నాకు తెలీనిది ఒకటి చెప్పు, పెడతా" అనేవారు. ఏదైనా సరే. రెండు బటన్లు కలిపి నొక్కితే స్క్రీను ఫొటో పడుతుందని రఫీ చూపిస్తే, నిధి దొరికినట్టు మురిసిపోయి అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. ఆ రోజంతా కనపడిన ప్రతిదాన్నీ ఫొటో తీసుకున్నారు. ఇంక మాకు ఆటైపోయింది. కోడ్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా, ఫోన్లో రింగుటోను ఎలా మార్చాలో, అక్షరాలు ఎలా పెద్దవి చెయ్యాలో చెప్పి సంతకాలు కొట్టేసేవాళ్లం. ఆయనకి తెలియక కాదు. "ఇది మీ ప్రాజెక్టుకి సంబంధించింది కాదనుకుంటా" అని నవ్వి, అయినా పెట్టేవారు.

ఏదైనా చెబుతుంటే మాత్రం వదిలేవారు కాదు. "ఆగు. ఇంకోసారి. నేను మొద్దుననుకుని చెప్పు." మేం చెప్పలేకపోయేవాళ్లం. ఎందుకంటే మా ప్రాజెక్టు, కాలేజీ బస్సు ఎక్కడుందో చూపించే యాప్, చాలావరకు నెట్‌లో దొరికినదే. పేరు మార్చాం, రంగు మార్చాం, కాలేజీ బొమ్మ అతికించాం. అందరూ అదే చేసేవాళ్లు, అది తప్పని ఎవరికీ తోచేది కూడా కాదు. సారు వేలుపెట్టి ఒక్కో లైను చూపించి ఇదెందుకమ్మాయ్ అని అడిగితే, అది డిఫాల్టు సార్ అనేదాన్ని.

"డిఫాల్టు అంటే?"

"అంటే... ఉంటుంది సార్. అలా ఉండాలంతే."

"అంటే మనకి తెలీదన్నమాట." ఎత్తిపొడుపు కాదు. నిజంగా మనకి అన్నారు, ఆయన్నీ కలుపుకుని. నాకు మాత్రం మొహం మీద కొట్టినట్టుండేది. ఒకసారి ఉడుక్కుని, మీరు గైడ్ కదా సార్, మీరు చెప్పాలి కదా అనేశాను. ఆయన హాయిగా నవ్వారు. "అన్నీ తెలిసినవాడు అమావాస్య నాడు చస్తే, ఏమీ తెలియనివాడు ఏకాదశి నాడు చచ్చాట్ట. నాకేం తొందర లేదులే, నువ్వు తెలుసుకుని వచ్చి చెప్పు" అన్నారు.

ప్రాజెక్టు అయిపోవచ్చిందనుకున్నాక ఆయనకొక కోరిక పుట్టింది. యాప్ బస్సులో పెట్టి చూడాలని. క్లాసులో ఫోన్ పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిస్తే చుక్క కదులుతోంది కదా, సరిపోదా అంటే వినలేదు. ఒక సాయంత్రం అవనిగడ్డ వైపు వెళ్లే కాలేజీ బస్సు ఎక్కించారు నన్నూ రఫీనీ. బస్సు నిండా జూనియర్లు. సారు డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, రెండో చేత్తో ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. వాచీ జేబులో ఉంది.

కరకట్ట ఎక్కాక కొంతదూరం బాగానే ఉంది. తోట్లవల్లూరు దాటాక స్క్రీను మీద చుక్క ఆగిపోయింది. బస్సు పోతూనే ఉంది. ఒకవైపు ఏరు, ఒకవైపు తోటలు, చుక్క మాత్రం వెనకెక్కడో అరటితోటలో నిలబడింది. ఆ తర్వాత ఏదో ఊరు దగ్గర సిగ్నల్ వచ్చింది కాబోలు, టపీమని ముందుకి దూకింది.

"ఏవమ్మాయ్, బస్సు ఎగిరిందా?" అన్నారు సారు, బస్సంతా వినపడేలా. "మధ్యలో ఉన్న ఊళ్లన్నీ ఏమైనట్టు?"

జూనియర్లు గొల్లుమన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మా యాప్ పనిచెయ్యలేదని కాదు, ఆ మనిషి దానికి అంత సంబరపడుతున్నాడని. తన బ్యాచీ ప్రాజెక్టు నలుగురిలో తన్నేస్తే ఏ గైడైనా గప్‌చుప్‌గా ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. ఈయనేమో బస్సు క్లీనరు కుర్రాడికి కూడా చూపిస్తున్నాడు. రఫీ నా చెవిలో, మనం దిగిపోదామా అన్నాడు.

దిగాక, తిరుగు బస్సు కోసం కట్ట మీద నిలబడ్డాం. ఆయన కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొని మా చేతుల్లో పెట్టి, తనది తినడం మర్చిపోయి, అదే ఆలోచిస్తున్నారు.

"సిగ్నల్ పోయినా, తనెక్కడుందో ఫోనుకి తెలుసు కదమ్మాయ్. అప్పటికి తన దగ్గరే దాచుకుని, సిగ్నల్ వచ్చాక వరసగా చెప్పొచ్చుగా? ఎట్లా చెప్పిద్దాం దాని చేత?"

నాకు తెలీదు. తెలీదని చెప్పలేదు. "డెమో కాలేజీలో కదా సార్. అక్కడ సిగ్నల్ ఫుల్లుగా ఉంటుంది" అన్నాను.

ఆయన నావైపు చూశారు. కోపం లేదు. "డెమోకి కాదమ్మా, బస్సుకి" అన్నారు. తర్వాత పొత్తు తినడం మొదలుపెట్టారు.

వైవా రోజు వేరే కాలేజీ నుంచి పరీక్ష చెయ్యడానికి ఒక పెద్దమనిషి వచ్చారు. హెచ్వోడీ గారు కూడా పక్కనే కూర్చున్నారు. మా డెమో బ్రహ్మాండంగా నడిచింది. హాల్లో సిగ్నల్ ఫుల్లు. ఆ పెద్దమనిషి కోడ్‌లో ఒక ముక్క చూపించి ఇది ఏం చేస్తుందని అడిగారు. రఫీ నావైపు చూశాడు, నేను స్క్రీను వైపు చూశాను. గైడ్ గారూ, మీరైనా చెప్పండి అన్నారాయన, కాస్త నవ్వుతూ. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించడం గైడ్ల పని. అందరూ చేసేదే. ఆయనకి కూడా ఆ రోజు గట్టెక్కాల్సిన అవసరం ఎంతుందో మా అందరికీ తెలుసు.

సారు లేచి నిలబడ్డారు. "నాకు తెలీదండి. వీళ్లకీ తెలీదనుకుంటా. ఈ యాప్‌లో ఇంకో చిక్కు కూడా ఉందండి, కరకట్ట మీద పనిచెయ్యదు. నేను చూశాను. అది ఎట్లా సరిచెయ్యాలో వెతుకుతున్నాం. నాకు ఇందులో ఏమీ వచ్చేది కాదండి, వీళ్ల దగ్గరే కొంచెం నేర్చుకున్నాను."

"ఇంతకీ మీరు గైడా, ప్యాసింజరా?" అన్నారు వచ్చినాయన. హాలంతా నవ్వు. హెచ్వోడీ గారు నవ్వలేదు. రఫీ, నేను ఇద్దరం తలలు దించేసుకున్నాం. మా కోసం కాదు, ఆయన కోసం, ఆయన మా మనిషి అయినందుకు. బయటికొచ్చాక రఫీ, పరువు తీశాడే బాబూ అన్నాడు. నేను ఇంకో మాట అన్నాను: "ఛస్తే నేను మాత్రం ఎవరి ముందూ తెలీదని అనను."

మార్కులు మాత్రం బాగానే పడ్డాయి. అందరికీ పడతాయి. సారుకి తర్వాతి సెమిస్టరు నుంచి ల్యాబు తీసేశారు. ట్రాన్స్‌పోర్టు చూసుకోమన్నారు, అంటే ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఏ డ్రైవరు సెలవు పెట్టాడు. కరెంటు సారు బస్సుల సారు అయ్యారు. అది విని మేం నవ్వుకున్నాం కూడా.

ఆయన్ని చివరిసారి చూసింది బెంజి సర్కిల్ దగ్గర, ఆటోల కోసం నిలబడే చోట. నేను అప్పటికి వేరే కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. చూడగానే, "మన అమ్మాయి మేడమ్ అయిందటగా" అని చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. నా జీతమెంత, పెళ్లెప్పుడు అని ఎవరైనా అడుగుతారు. ఆయన అడగలేదు. గబగబా ఫోన్ తీసి, "ఆ కరకట్ట సంగతి తేలిందమ్మాయ్. జూనియర్ పిల్లలు నలుగుర్ని పోగేసుకుని తంటాలు పడ్డాం. చుక్క ఇప్పుడు దూకట్లేదు. ఉండు, ఎట్లాగో చూపిస్తా" అన్నారు. ఫోన్ చంకలో పెట్టుకుని, ఆ జనంలో, ఆ హారన్ల మధ్య నిలబడి, వాచీ విప్పడం మొదలుపెట్టారు.

"తెలుసు సార్" అన్నాను. "అది చాలా సింపుల్ సార్ ఇప్పుడు. మా పిల్లలకి చెబుతుంటాను కూడా."

నాకు తెలీదు. ఆ రోజు తెలీదు, ఆ తర్వాతా తెలుసుకోలేదు. అంతమందిలో ఆయన నాకు పాఠం చెబుతుంటే నా స్టూడెంట్సు ఎవరైనా చూస్తారేమోనని అలా అన్నాను.

"ఓహో, తెలుసా. అయితే మంచిది" అన్నారు. సగం విప్పిన వాచీ మళ్లీ పెట్టుకోబోయారు. బెల్టు కొక్కెం ఒక చేత్తో పడటంలేదు. సాయం చెయ్యొచ్చు. ఆటో ఆగింది, ఎక్కేశాను.

రివ్యూలు అయ్యాక భవానీపురం వెళ్లాను. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, మాట్లాడుకునే మగవాళ్లు. లోపల నేల మీద చాప వేసి పడుకోబెట్టారు. నేను తెలిసినవాళ్లెవరూ లేరు. సారు భార్య పక్కన కూర్చున్న ముసలామె, మీరెవరమ్మా అని అడిగితే, సార్ స్టూడెంట్‌ని అన్నాను. ఆయన చెయ్యి దుప్పటి బయట ఉంది. వాచీ లేదు. ఎండకి నల్లబడిన మణికట్టు మీద అది ఉండే చోటు మాత్రం తెల్లగా ఉంది. అదే చూస్తూ కూర్చున్నాను. ఏకాదశి, అమావాస్య మాట గుర్తొచ్చింది. గోడ మీద కేలెండరు ఉంది. ఇవాళ ఏ తిథో చూద్దామని లేచి, సిగ్గేసి మళ్లీ కూర్చున్నాను. ఎక్కువసేపు ఉండలేకపోయాను.

తిరిగి వస్తుంటే, ప్రకాశం బ్యారేజీ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడు మౌనిక అన్న మాట చెవిలో మోగింది. పొద్దున నేను మధ్యలో తుంచేసిన మాట. మా నాన్న గట్టు మీద. గట్టు మీద ఏముంటుంది? చేపలుంటాయి, కాటా ఉంటుంది. సిగ్నల్ ఉండదు. బరువు కొట్టగానే సర్వర్‌కి ఎట్లా పోతుంది? ఫోన్ దగ్గరే దాచుకోవాలి, సిగ్నల్ వచ్చాక వరసగా చెప్పాలి. నేను తప్పని తీసెయ్యమన్న చాంతాడు అదే. కరకట్ట మీద పొత్తు చేత్తో పట్టుకుని ఆయన నన్ను అడిగిందీ అదే, బెంజి సర్కిల్లో వాచీ విప్పుతూ చెప్పబోయిందీ అదే. రెండుసార్లు నా దాకా వచ్చినదే మూడోసారి ఎదురుగా వచ్చి కూర్చుంటే, మొహం కూడా గుర్తుపట్టలేదు నేను. ఆటోలో ఒక్కదాన్నే ఉన్నా చున్నీతో మొహం కప్పుకున్నాను.

మర్నాడు మొదటి గంటలోనే ఆ బ్యాచీని పిలిచాను. మౌనిక, వెనక ఇద్దరు మగపిల్లలు. వాళ్ల మొహాలు చూస్తే ఇంకేం తిడుతుందోనన్న భయం.

"నిన్న నేను తీసెయ్యమన్న ముక్క ఏదమ్మా, ఒకసారి చూపించు."

"తీసేశాం మేడమ్. మీరు తప్పన్నారుగా."

"పాతది ఎక్కడైనా ఉందా?"

"లేదు మేడమ్. అది ఉంటే మళ్లీ మీరు..." అని ఆగింది. "ఇప్పుడు డైరెక్టుగా పోతోంది మేడమ్. చూడండి."

చూపించింది. బరువు కొట్టింది, పోయింది. రూములో సిగ్నల్ ఫుల్లు.

"గట్టు మీద?"

ఆ పిల్ల ఫోన్ బల్ల మీద పెట్టేసింది. "గట్టు మీద పోదు మేడమ్. మా నాన్న నిన్న చూశాడు. పోనీలేవే, మార్కులు రానీ అన్నాడు" అంది.

ఇంత చదువు చదివి, ఆ మాట వినడానికా నేను కుర్చీలో కూర్చుంది అనిపించింది. వాచీ విప్పాను. నాకు జేబు లేదు, బల్ల మీద పెట్టాను. కుర్చీ ఆ పిల్ల పక్కకి లాక్కున్నాను. మా నాన్న షాపు కౌంటరు కళ్ల ముందు కనపడింది.

"నువ్వు రాసింది తప్పు కాదమ్మా. అది నాకు తెలీదు. తెలీక తీసెయ్యమన్నాను. ఆ ముక్క మళ్లీ రాద్దాం. ఎట్లా రాశావో నాకు చెబుతూ రాయి, నాకు నేర్పు."

మౌనిక కళ్లు పెద్దవి చేసి నావైపు చూసింది. వెనక ఇద్దరూ ఒకళ్ల మొహమొకళ్లు చూసుకుని, చప్పున తలలు దించేసుకున్నారు. ఒకడు నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నాడు. ఇదేం గైడురా మనకి అని బయటికెళ్లి అనుకుంటారు. కోడ్ సంగతి ఏమోగానీ, ఆ తల దించుకోవడం ఏంటో మాత్రం నాకు బాగా తెలుసు.